నాన్న చెప్పని సారీ నువ్వెందుకు చెప్పావు?

ఈ వారం వచ్చిన ఉత్తరం, కొంచెం కుదించాను:

"మేడమ్, పెళ్లయ్యాక పదేళ్లుగా మయామీలో ఉంటున్నాను. మా ఆయన ఇక్కడే పుట్టాడు, మామగారు మాత్రం చిన్నప్పుడే క్యూబా నుంచి వచ్చేసిన మనిషి. మా నాన్న రిటైర్డ్ టీచర్, జీవితమంతా కమ్యూనిస్టు పార్టీయే. మా ఇంట్లో దేవుడి పటాలు ఉండేవి కాదు, చే గెవారా, ఫిడెల్ కాస్ట్రో ఫోటోలు ఉండేవి. 2016 నవంబర్ 25 రాత్రి కాస్ట్రో పోయాడని టీవీలో రాగానే మామగారు వంటింట్లోంచి గిన్నె, గరిట పట్టుకుని ఇక్కడ క్యూబావాళ్లుండే లిటిల్ హవానాలో కాయె ఓచో వీధికి పరిగెత్తారు, మేమూ వెనకాలే వెళ్లాం. వేలమంది గిన్నెలు వాయిస్తున్నారు, జెండాలు, హారన్లు, ఒకటే ఏడుపులూ నవ్వులూ. నేను వీడియో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నాన్న దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టి 'చావుకి గంతులేస్తున్న గుసానోలు' అని స్పానిష్ తిట్టు పెట్టి రాసారు. అది మామగారి కంట్లో పడింది. గొడవ పెద్దది కాకూడదని 'మా నాన్నకి ఆ మాటకి అర్థం తెలీదు, చాలా బాధపడుతున్నారు, సారీ చెప్పమన్నారు' అని మామగారికి నేనే చెప్పేసాను. నాన్నకేమో 'ఒక మనిషి పోతే అలా ఎగిరినందుకు మామయ్యగారు సిగ్గుపడుతున్నారు' అని చెప్పాను. అప్పట్నుంచి మామగారు ప్రతి క్రిస్మస్‌కీ నాన్నకి ఒక గుయాబెరా చొక్కా పంపిస్తారు, నాన్న అది వేసుకుని ఫోటో పంపిస్తారు. ఇప్పుడు వచ్చే నెల అమ్మానాన్నా ఆరు నెలలకి వస్తున్నారు. అత్తగారు పోయాక మామగారు మాతోనే ఉంటున్నారు. నా ప్రశ్నలు మూడు. మనిషి చచ్చిపోతే పండగ చేసుకోవడం సంస్కారమేనా? రావణుడు పోయాక రాముడే మరణాంతాని వైరాణి, చావుతో పగలు తీరిపోతాయి అన్నాడు కదా? ఇద్దరిలో ఎవరిది కరెక్టు? ఆరు నెలలు ఇంట్లో క్యూబా మాట రాకుండా ఎలా మేనేజ్ చెయ్యాలి?"

మొదటిదానికి చిన్న జవాబు. నరకాసురుడు చచ్చాడని మనం ఏటా టపాకాయలు కాల్చుకుంటూ కొత్త బట్టలు కట్టుకుంటూ ఇంకోళ్లని సంస్కారం గురించి అడక్కూడదు తల్లీ. రాముడు ఆ మాట అన్నాడు నిజమే, కానీ ఎప్పుడన్నాడు, గెలిచి నిలబడి, శత్రువు కాళ్ల ముందు పడి ఉన్నప్పుడు, వీడికి నేను కర్మ చెయ్యను అని మొరాయిస్తున్న తమ్ముడు విభీషణుడితో అన్నాడు. అశోకవనంలో అన్నాళ్లు కూర్చున్న సీతమ్మని మాత్రం నీ అభిప్రాయం ఏంటమ్మా అని అప్పుడు ఎవరూ అడగలేదు. ఇక మనలో చచ్చినవాడి కళ్లు చారెడు అనే అలవాటు ఒకటుంది, పోయినవాడి గురించి మంచే చెప్పాలని. పక్కింటాయన పోతే అది మర్యాద. 1959 నుంచి దాదాపు యాభై ఏళ్లు ఒక దేశాన్ని తన చేతి కిందే ఉంచుకున్న మనిషి పోతే అది మర్యాద కాదు, నోరు నొక్కడం.

రెండోది, ఎవరిది కరెక్టు. దీనికి నేను తీర్పు చెప్పను, చెప్పినా నీ ఇంట్లో పనికిరాదు. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. 1961లో క్యూబాలో ఇళ్లు వదిలి వెళ్లిన పిల్లలు రెండు రకాలు. లాంతరు, పలకాబలపం లాంటి సరంజామా పట్టుకుని పల్లెటూళ్లకి వెళ్లి పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పిన పిల్లలు ఒకరు, దాదాపు లక్షమంది ఉంటారు. ఒక్క ఏడాదిలో ఏడు లక్షల మందికి పైగా చదవడం రాయడం నేర్చుకున్నారంటే చిన్న విషయం కాదు. రెండో రకం పిల్లలు చిన్న సూట్‌కేసు పట్టుకుని హవానా ఎయిర్‌పోర్టులో ఒంటరిగా విమానం ఎక్కినవాళ్లు. పిల్లల్ని ప్రభుత్వం లాగేసుకుంటుందని ఒక పుకారు పుట్టి, దానికి భయపడి తల్లిదండ్రులే ముందు వీళ్లని పంపించేసి తర్వాత మేం వస్తాంలే అన్నారు. 1960 నుంచి 62 దాకా పద్నాలుగు వేల మందికి పైగా పిల్లలు అలా వెళ్లారు. ఆ ఎయిర్‌పోర్టులో అద్దాల గది ఒకటి ఉండేదట, చేపల తొట్టి అనేవాళ్లు దాన్ని, లోపల పిల్లలు, బయట అమ్మానాన్నలు, అద్దానికి అటూ ఇటూ చేతులు పెట్టుకుని. కొందరికి నాలుగు నెలల్లో అమ్మానాన్నా వచ్చారు, కొందరికి నాలుగేళ్లు పట్టింది, కొందరికి రానే లేదు.

మీ నాన్న టీచరు. ఆయన తలలో ఉన్న క్యూబా ఆ లాంతరు పట్టుకున్న పిల్ల. మీ మామగారు పదకొండేళ్లప్పుడు ఒక్కడే వచ్చారనీ వాళ్ల నాన్న జైల్లో ఉండి అక్కడే పోయారనీ నీ ఉత్తరం ఆఖర్లో ఎక్కడో ఒక్క లైన్లో రాసావు, అది మొదటి లైన్లో ఉండాల్సిన మాట. ఆయన ఆ అద్దం వెనకాల పిల్లాడు. తొంభై ఏళ్లు బతికి మంచం మీద పోయినవాడి మీద ఆయనకి ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు, ఆ రాత్రి ఆయనకి దక్కింది ఒక గిన్నే, గరిటే. అదే రోజుల్లో అక్కడ క్యూబాలో తొమ్మిది రోజులు సంతాపం అని పాట ఆపేసి మందు అమ్మకం ఆపేసి, అస్థికలు జీపు వెనకాల పెట్టి హవానా నుంచి శాంటియాగో దాకా తీసుకెళ్తుంటే రోడ్డు పొడుగునా జనం నిలబడ్డారు. వాళ్లందరూ భయపడే వచ్చారని మీ మామగారు అనుకుంటే అది తప్పు. మయామీలో గిన్నెలు కొట్టినవాళ్లందరూ అమెరికా డబ్బుకి అమ్ముడుపోయారని మీ నాన్న అనుకుంటే అదీ తప్పు. ఇంతకంటే ఈ ప్రశ్న మీద టైమ్ పెట్టను.

నువ్వు ఇంకోటి రాసావు, రాజ్‌నాథ్ సింగ్, ఏచూరి ఒకే బృందంలో హవానా వెళ్లి నివాళి ఇచ్చి వచ్చారు, మా ఇంట్లో ఇద్దరు ముసలాళ్లు ఒక టేబుల్ దగ్గర కూర్చోలేరా అని. కూర్చోగలరమ్మా. కానీ వాళ్లిద్దరిలో ఎవరూ ఎవర్నీ పురుగు అనలేదు. గుసానో అంటే పురుగు. దేశం వదిలి పోయేవాళ్లని అక్కడి ప్రభుత్వమూ కాస్ట్రో మనుషులూ అన్న మాట అది. 1980లో మరియెల్ రేవు నుంచి లక్షా పాతికవేల మంది పడవల్లో వెళ్లినప్పుడు వాళ్ల ఇళ్ల ముందు గుంపులుగా నిలబడి గుడ్లు విసురుతూ అరిచిన తిట్లలో ఇదొకటి. మీ నాన్నకి అర్థం తెలీదని చెప్పావే, నలభై ఏళ్లు పార్టీ పత్రికలు చదివిన మనిషికి ఆ ఒక్క స్పానిష్ మాట తెలిసింది కానీ అర్థం తెలీలేదా? నువ్వే నమ్మలేదు ఆ మాట. మీ మామగారు కూడా నమ్మి ఉండరని నా అనుమానం. కోడలి మొహం చూసి ఊరుకున్నారు, అంతే.

సరే, ఇప్పుడు అసలు విషయం. నీ సమస్య కాస్ట్రో కాదు, మామగారు అసలే కాదు. నువ్వూ, మీ నాన్నా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెళ్లి సంగతి నాన్నకి అమ్మ చేత చెప్పించావు. ఉద్యోగం మానేసిన సంగతి అమ్మ చేత చెప్పించావు. ఆ పోస్టు తీసెయ్యమని కూడా అమ్మ చేతే అడిగించావు, ఆయన తియ్యలేదు, నువ్వు ఊరుకున్నావు. మొత్తం ఉత్తరంలో నువ్వు నాన్నతో నేరుగా అన్న మాట ఒక్కటే ఒక్కటి, అదీ అబద్ధం. ప్రపంచంలో ఎవర్నైనా ప్రశ్నించు అని నిన్ను భుజం మీద ఎక్కించుకుని మీటింగులకి తిప్పిన నాన్న, ఇంట్లో తననొక్కడిని ప్రశ్నించడం నీకు నేర్పలేదు. ఇలాంటి నాన్నల్ని నేను చాలామందిని చూసాను, మంచివాళ్లే, చెయ్యి ఎత్తి కొట్టినవాళ్లు కాదు, కానీ ఆయన కుర్చీలో కూర్చుని పేపరు మడిస్తే ఇంట్లో చర్చ అయిపోయినట్టే. నువ్వు నలభై దగ్గర పడి, సముద్రాలు దాటి వెళ్లి, పిల్లల తల్లివి అయ్యాక కూడా ఆ పేపరు చప్పుడుకి భయపడుతున్నావు. భయపడి, ఆయన నోట్లో లేని క్షమాపణ ఒకటి పుట్టించి ఆయన పేరు మీద ఇచ్చేసావు.

ఇది మీ నాన్నకి చేసిన గౌరవం అనుకుంటున్నావేమో, నా లెక్కలో ఇది ఆయనకి చేసిన అవమానం. ఆయన అన్నది తప్పే, నాకేం డౌట్ లేదు, కానీ అది ఆయన తప్పు, ఆయన దిద్దుకోవాల్సింది లేదా దిద్దుకోకుండా మొండిగా నిలబడాల్సింది. ఆ రెండు అవకాశాలూ నువ్వు లాగేసుకున్నావు. మామగారికి చేసింది ఇంకా ఘోరం. ఆయన రాని క్షమాపణకి బదులుగా తొమ్మిదేళ్లుగా చొక్కాలు పంపిస్తున్నాడు! నాలుగు జేబులు, ముందు కుట్టు మడతలు, మంచి చొక్కా అది, మీ నాన్న అది తొడుక్కుని ఆయన తగ్గాడులే అని ఫోటో దిగుతున్నాడు, ఇక్కడ ఈయన ఆ ఫోటో చూసి పాపం తప్పు తెలుసుకున్నాడు అనుకుంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

నీకు ఉన్న భయం నాకు అర్థమైంది, నిజం చెప్తే నాన్న టికెట్ క్యాన్సిల్ చేస్తాడు, మాటలు ఆగిపోతాయి అని. ఆగిపోవచ్చు. రాజకీయం కోసం రక్తం తెంచుకున్నవాళ్లు ఉన్నారు, కాస్ట్రో సొంత చెల్లెలు హువానితా 1964లో అన్నని కాదని దేశం వదిలేసింది, మీ మయామీలోనే ఏళ్ల తరబడి మందుల షాపు నడుపుకుంటూ బతికింది, గంట విమానం దూరంలో అన్న పోతే అంత్యక్రియలకి వెళ్లలేదు. కానీ ఒకటి గమనించు, ఎందుకు విడిపోయారో ఆ అన్నకీ తెలుసు, చెల్లికీ తెలుసు. మీ ఇంట్లో ఎందుకు కలిసున్నారో ఇద్దరికీ తెలీదు.

మీ నాన్న తిరగబడతాడనే నువ్వు అనుకుంటున్నావు. నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. 1953లో స్టాలిన్ పోయినప్పుడు రెండు పూటలు అన్నం ముట్టలేదట. తర్వాత మూడేళ్లకి, స్టాలిన్ తర్వాత వచ్చిన సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ప్రసంగం బయటికొచ్చి స్టాలిన్ ఏం చేసాడో పార్టీవాళ్లే చెప్తుంటే ఆయన ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు, గోడ మీద ఫోటో తియ్యలేదు, దాని మీద ఒక క్యాలెండర్ తగిలించాడు. నాకు ఊహ తెలిసాక కూడా ప్రతి జనవరికీ పాత క్యాలెండర్ తీసి కొత్తది పెట్టేవాడు, ఆ ఒక్క నిమిషం ఫోటో కనిపించేది. పిల్లలం అడిగితే గోడకి చిల్లు ఉందిరా అనేవాడు. ఒక్కళ్లైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే చెప్పేవాడేమో, ఎవరం అడగలేదు, పెద్దాయన బాధపడతాడని. మీ నాన్న గోడ మీద ఏ క్యాలెండర్ ఉందో నీకేం తెలుసు? పోస్టు తియ్యలేదంటున్నావు, సరే, మరి ఆ తర్వాత ఆ మాట ఎప్పుడైనా మళ్లీ వాడాడా? నీ ఉత్తరంలో లేదు.

కాబట్టి మూడో ప్రశ్నకి జవాబు, మేనేజ్ చెయ్యకు. ఇద్దర్నీ ఆరు నెలలు వేరు వేరు గదుల్లో భోజనం పెట్టి టీవీ రిమోట్ దాచిపెట్టి నువ్వు బతకలేవు. ముందు నాన్నకి ఫోన్ చెయ్యి, ఆయన ఇంకా విమానం ఎక్కకముందే. దిగాక చెప్తే ఎటూ వెళ్లలేని మనిషిని ఇరికించినట్టవుతుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టకు. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోకు. చెప్పాల్సింది రెండు ముక్కలే, మీరు సారీ చెప్పారని నేను అబద్ధం చెప్పాను, ఆయన సిగ్గుపడ్డారని మీకూ అబద్ధం చెప్పాను. మూడో ముక్క, ఆ మాట నన్ను కూడా తగిలింది నాన్నా అని, అది నీకు ఎప్పట్నుంచో గొంతులో ఉందని నాకు తెలుసు, చెప్పగలిగితే చెప్పు, రాకపోతే బలవంతం లేదు. ఆయన అరిస్తే అరవనీ. ఫోన్ పెట్టేస్తే మళ్లీ అమ్మకి చెయ్యకు, ఆ రోజుకి ఊరుకో. సారీ చెప్పండి అని మాత్రం అడక్కు, అది మళ్లీ నువ్వు రాసిన డైలాగే అవుతుంది.

మామగారికి ఆ తర్వాత, ఎదురుగా కూర్చుని చెప్పు. ఆయన చొక్కాలు పంపడం ఆపేస్తే ఆపేస్తాడు. నాన్న ఆ చొక్కాలు సూట్‌కేసులో పెట్టుకుని వస్తాడో అక్కడే వదిలేసి వస్తాడో అది ఆయన ఇష్టం, నువ్వు తెమ్మనకు, వద్దనీ అనకు.

ఈ ఆదివారమే చెయ్యి, వాళ్లకి తెల్లారాక. అమ్మ నంబరుకి కాదు, నాన్న నంబరుకి. నీ ఫోన్‌లో ఆ నంబరు ఉందో లేదో ముందు చూసుకో.