కూట్ ముట్టడి నుంచి లద్దాఖ్ లంగర్ దాకా

సైనికుల తిండి యుద్ధాల గతిని మార్చిందా, యుద్ధాలే మన తిండిని మార్చాయా అని అడిగారు. రెండూ జరిగాయి. ఈ ప్రశ్నకు చాలామంది నికోలా అపెర్ కథతోనే సరిపెడతారు. ఆహారాన్ని గాజుసీసాలలో బిగించి, మరిగే నీటిలో ఉంచి నిలవచేసే పద్ధతికి ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 1810లో 12,000 ఫ్రాంకులు ఇచ్చిన మాట నిజమే. అయితే తిండి చెడిపోకుండా చూస్తే చాలదు, సిపాయి దాన్ని తినడానికి ఒప్పుకోవాలి.

పదాతిదళంలో పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఇందుకు మొదట గుర్తొచ్చేది మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలోని (నేటి ఇరాక్) కూట్ పట్టణం. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయేదాకా, బ్రిటిష్ జనరల్ టౌన్‌షెండ్ నడిపిన సేన, అందులోని భారతీయ సిపాయిలతో సహా, అక్కడ తుర్కీ సైన్యం ముట్టడిలో చిక్కుకుపోయింది. తిండి అడుగంటాక గుర్రాలను కోశారు. బ్రిటిష్ సిపాయిలు ఆ మాంసం తిన్నారు, కాని వారి రొట్టె తెల్లపిండిది కావడంతో బెరిబెరి (విటమిన్ బి1 లోపంతో వచ్చే జబ్బు) పట్టుకుంది. మనవాళ్లలో అత్యధికులు చాలాకాలం గుర్రపు మాంసం ముట్టలేదు. పొట్టుతో కూడిన ఆటా (గోధుమపిండి) వల్ల బెరిబెరి నుంచి తప్పించుకున్నా, తాజా మాంసం లేక స్కర్వీతో (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) చిగుళ్లు వాచి ఎందరో మంచాన పడ్డారు. తినవచ్చని మతపెద్దల నుంచి అనుమతి తెప్పించినా, ఊరికి వెళ్లాక కులం వెలివేస్తుందన్న భయం చాలామందిని వదలలేదు. దీన్ని మూఢత్వమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. బతికి బయటపడితే వారు తిరిగి చేరవలసింది ఆ ఊరికే కదా.

నా కాలానికి ఇబ్బంది వేరే రూపంలో ఉండేది. లద్దాఖ్‌లోని లేహ్ ఎత్తులోనే నీరు సుమారు 88 డిగ్రీలకు మరిగిపోతుంది. మా పోస్టు అంతకంటే పైన ఉండడం వల్ల ప్రెషర్ కుక్కర్ లేనిదే లంగర్‌లో (సిపాయిల వంటశాలలో) శనగపప్పు ఉడికేది కాదు. ఉల్లిపాయలు రాళ్లలా గడ్డకట్టేవి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయలో నూనె పేరుకుపోయి, ముక్కను చెంచాతో తవ్వి తీయవలసి వచ్చేది. అన్నం తప్ప ఎరుగని ప్రకాశం జిల్లావాడినైన నేను రాత్రిపూట రొట్టెకు అలవాటు పడింది అక్కడే, ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

గస్తీకి వెళ్లేటప్పుడు పులావు, సూజీ హల్వా ప్యాకెట్లు ఇచ్చేవారు. ప్లాస్టిక్ పొరల నడుమ అల్యూమినియం రేకు ఉన్న ఆ సంచిలో ఆహారాన్ని మూసి, ఆవిరి ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు కాబట్టి అది ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలుస్తుంది. వేడినీటిలో కాసేపు ఉంచితే చాలు. రుచి సంగతి అడగకండి, వారం గడిచేసరికి అన్నీ ఒకే వాసన వేసేవి. ఆ సంచులలో మన వంటకాలు నిలిచేలా చేయడంలో 1961లో మైసూరులో నెలకొల్పిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాలది పెద్ద పాత్ర. అక్కడి పరిజ్ఞానాన్ని తీసుకున్న ప్రైవేటు సంస్థలే తర్వాత అలాంటి ప్యాకెట్లను బజారులోకి తెచ్చాయి. విదేశాలకు చదువుకు వెళ్లే పిల్లల పెట్టెలలో నేడు మనం సర్దే తిండి అదే.