రాజుల ఇళ్లలో మేనరికాలు

ప్రశ్న: మేనరికాల వల్లే స్పెయిన్‌లో హాబ్స్‌బర్గ్ వంశం అంతరించిందంటారు. మా ఇంట్లో మూడు తరాలుగా అవే పెళ్లిళ్లు. భయపడాలా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

వరసలు చూస్తే వాళ్లవి అచ్చం మన పెళ్లిళ్లే. కారణమూ అదే, ఆస్తి బయటికి పోకూడదు. రెండో ఫిలిప్ 1570లో సొంత చెల్లెలి కూతురు ఆనాను చేసుకున్నాడు. ఆయన మనవడు నాలుగో ఫిలిప్ 1649లో అదే పని చేశాడు. అసలు ఆ మేనకోడలు మరియానాను అనుకున్నది ఆయన కొడుక్కి. 1644లో భార్య, 1646లో ఆ కొడుకు పోయేసరికి వారసుడి కోసం తండ్రే పీటల మీద కూర్చున్నాడు. పెళ్లికూతురికి 14 ఏళ్లు, మేనమామకు 44. (మన దగ్గర అక్క కూతురైతే సరే, చెల్లెలి కూతురంటే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు.)

వాళ్ల కొడుకు రెండో చార్లెస్. వంశవృక్షం కాగితం మీద గీస్తే తల తిరుగుతుంది: అతని నాయనమ్మ మార్గరెట్టే అతని అమ్మమ్మకు కన్నతల్లి! ఆ అమ్మమ్మ చేసుకున్నదీ మేనమామ కొడుకునే.

ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరే అవకాశం బావామరదళ్ల పిల్లల్లో 6.25 శాతం, మేనమామ మేనకోడళ్ల పిల్లల్లో 12.5 శాతం. ఇది ఆ ఒక్క పెళ్లి లెక్క. పై తరాల్లోనూ మేనరికాలుంటే అవీ కలుస్తాయి. చార్లెస్ విషయంలో పరిశోధకులు 2009లో 16 తరాలు లెక్కగట్టి 25 శాతం పైనే తేల్చారు, అంటే తోబుట్టువులకు పుట్టిన బిడ్డకు ఉండేంత. రెండు పెళ్లిళ్లయినా పిల్లలు పుట్టలేదు. 1700లో అతను పోగానే సింహాసనం కోసం యూరప్ 1714 దాకా కొట్టుకుంది.

కాబట్టి మీరు చూడాల్సింది ఈ ఒక్క సంబంధాన్నే కాదు, మూడు తరాలనూ. ఎవరు ఎవరికి ఏమవుతారో, చిన్నప్పుడే పోయినవాళ్లు, వినికిడి లేనివాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు ఎవరో రాసుకుని నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. పెళ్లి ఖాయం చేసుకోక ముందే వెళ్తే మేలు.

ప్రశ్న: విక్టోరియా రాణి పిల్లలకు హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) వచ్చింది కూడా మేనరికం వల్లేనా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

కాదు. భర్త ఆల్బర్ట్ ఆమెకు సొంత మేనమామ కొడుకే, కానీ ఈ జబ్బులో ఆయన పాత్ర లేదు. లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోములో. కొడుక్కి అది తల్లి నుంచే వస్తుంది. కూతుళ్లకు తండ్రి ఇచ్చేది కూడా ఒక ఎక్స్, అయితే జబ్బు లేని ఆల్బర్ట్ ఎక్స్ మంచిదే. విక్టోరియా ముక్కూమొహం తెలియనివాణ్ణి చేసుకున్నా ఇదే జరిగేది. లోపం మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు రావడానికి, ప్రతి కూతురూ వాహకురాలు కావడానికి సగం సగం అవకాశం. తొమ్మిదిమంది పిల్లల్లో లియోపోల్డ్‌కు జబ్బు వచ్చింది, ఆలిస్, బియాట్రిస్ వాహకులయ్యారు. ఆలిస్ కూతురి ద్వారా రష్యా యువరాజు అలెక్సీకి, బియాట్రిస్ కూతురి ద్వారా స్పెయిన్ రాజకుటుంబానికి పాకింది. అది హీమోఫీలియా బి రకమని అలెక్సీ వంశమైన రొమనోవ్‌ల ఎముకల డీఎన్ఏ 2009లో తేల్చింది.

ప్రశ్న: పెళ్లి మాట ముందు ఎత్తింది విక్టోరియానేనా?
– అదే విద్యార్థి

అవును, 1839 అక్టోబర్ 15న. ఏలుతున్న రాణిని పెళ్లాడమని మగవాడు అడగడం మర్యాద కాదు. పెళ్లి 1840 ఫిబ్రవరి 10న జరిగింది.