స్టాపర్ లాగినా ఇంజిన్ ఆగడం లేదా? పంపు దించే ముందు ఇది చదవండి

పాత టాటా 1613 లారీ, తాళం తీసేసినా స్టాపర్ (ఇంజిన్ ఆపడానికి క్యాబిన్లో లాగే నాబు) లాగినా ఇంజిన్ తిరుగుతూనే ఉంది, మెకానిక్ డీజిల్ పంపు దించాలంటున్నాడు, దించమంటారా అని అడిగారు. ఇప్పుడే దించనివ్వకండి. మా మామయ్యకి లారీలు ఉన్నంతకాలం నేను వాటి చుట్టూనే పెరిగాను. ఈ జబ్బు ఎక్కువగా పంపు బయటే ఉంటుంది, లోపల కాదు. బయట చూడకుండా నేరుగా పంపు మీద చెయ్యేసే మెకానిక్‌ని నేను నమ్మను.

తాళం సంగతి ముందు మరిచిపోండి. పాత డీజిల్ బండిలో తాళం ఉన్నది కరెంటుకే. పెట్రోలు బండిలో లాగా స్పార్కుతో దీనికి పని లేదు, సిలిండర్లో గాలి నలిగిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే తాళం తీసి జేబులో వేసుకున్నా దాని మానాన అది తిరుగుతుంది. కంగారులో బ్యాటరీ వైరు పీకేవాళ్లను కూడా చూశాను. ఇంజిన్ ఆగదు సరికదా, ఆల్టర్నేటర్లో డయోడ్లు పోతాయి. ఆగాలంటే పంపులో రాక్, అంటే డీజిల్ ఎంత పోవాలో చూసే పళ్ల కడ్డీ, వెనక్కి జరిగి డీజిల్ కట్టవ్వాలి. ఆ రాక్‌ని జరిపేది పంపు పక్కనున్న చిన్న లీవరు, ఆ లీవరుని లాగేది మీ క్యాబిన్లోని స్టాపర్ వైరు. మీ బండికి వైరు బదులు కరెంటుతో లాగే సోలినాయిడ్ ఉంటే దాని ఫ్యూజు, కనెక్షను ముందు చూసుకోండి.

మామయ్య దగ్గర ఒక టాటా 1210 లారీ ఉండేది. ఇసకపల్లి కొటారుల నుంచి ఉప్పు తోలేది. ఉప్పు బండి సంగతి తోలినవాళ్లకే తెలుసు, ఇనుము అనేది ఏదీ మిగలదు దాని మీద. బోల్టు విప్పుదామని పానా పెడితే తల ఊడి చేతికొస్తుంది. ఆ బండికి స్టాపర్ పని చెయ్యడం మానేసింది. డ్రైవరన్న ఆ మాట మామయ్య చెవిన వెయ్యలేదు, తన ఉపాయం తను చూసుకున్నాడు. టాప్ గేర్లో వేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ టక్కున వదిలేవాడు. ఇంజిన్ గుప్పుమని ముక్కి ఆగిపోయేది. రోజూ అట్టానే.

ఒక రాత్రి కావలి దాటినాక హైవే పక్కన హోటలు దగ్గర ఆపారు. నేనూ బండిలోనే ఉన్నాను, ఆ రోజుల్లో సెలవులకి మామయ్య లారీలెక్కి తిరగడమే నా పని. క్లీనరు కుర్రాడు రాయి తీసుకుని ముందు చక్రానికి అడ్డం పెట్టబోయాడు. చీకట్లో డ్రైవరుకి కనపడలేదు. బ్రేకులో గాలి చాల్లేదో, కాలు సరిగ్గా పడలేదో, క్లచ్ వదలగానే బండి ఒక్క గంతు వేసింది. కుర్రాడు ఎట్టా వెనక్కి దూకాడో దూకాడు. వాడి హవాయి చెప్పు టైరు కింద ఉండిపోయింది. బండి తోసి తీస్తే అట్టలాగా అయిపోయింది, టైరు గీతలు దాని మీద అచ్చుపడి ఉన్నాయి. వాడు ఆ చెప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు గానీ కాళ్లు వణుకుతున్నాయి.

మర్నాడు మామయ్యకి తెలిసింది. డ్రైవరన్న, "ఏం గాదులే సామీ, నేను రోజూ ఇట్టానే ఆపతా గదా" అన్నాడు. మామయ్యకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఆ పిల్లోడి కాలు పోయుంటే వాళ్లమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? స్టాపర్ పడేదాకా ఈ బండి లోడుకి పోదు" అన్నాడు.

దగ్గర్లోని మెకానిక్ వచ్చి పైపైన చూసి, రాక్ పట్టేసింది, ఎలిమెంట్లు (పంపులో డీజిల్‌ని నొక్కి పంపే భాగాలు) మార్చాలి, పంపు దించుదాం అన్నాడు. ఇప్పుడు మీకు చెప్పినట్టే. మామయ్య సరేననకుండా బండిని ఒంగోలులో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాడు. వయసు మొత్తం మైకో పంపుల మీదే గడిపిన మనిషి. (ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారింది, అయినా మా వైపు పంపంటే ఇప్పటికీ మైకో పంపే.) ఆయన పానాల పెట్టె తెరవలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచమని, క్లీనరుని క్యాబిన్లోకి ఎక్కించి, "నేను చెప్పినప్పుడు స్టాపర్ మెల్లగా లాగు అబ్బయా" అని తను పంపు దగ్గర వంగి లీవరు మీద వేలు పెట్టాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. క్యాబిన్లో నాబు పూర్తిగా బయటికొచ్చింది. ఇక్కడ లీవరు గోరంత కదిలింది, అంతే. లాగినప్పుడల్లా వైరు పైనున్న గొట్టం విల్లులా వంగుతోంది. ఆ గొట్టాన్ని ఇంజిన్‌కి పట్టి ఉంచే క్లిప్పు తుప్పుకి తినేసి సగం లేదు. "పైగొట్టం కదలకుండా పట్టుకునేది ఒకటుంటేనే గదయ్యా లోపలి వైరు లాగేది" అని, వేలితో లీవరుని చివరిదాకా నొక్కాడు. ఇంజిన్ రెండు తిరుగుళ్లు తడబడి ఆగిపోయింది.

కొత్త కేబులు, కొత్త క్లిప్పు, కాస్త గ్రీజు. పంపుకి ఉన్న సీలు కూడా ఊడలేదు.

మీరు కూడా ముందు ఇదే చెయ్యండి. బండి చదును నేల మీద ఉంచి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డాలు పెట్టి, ఒకరు క్యాబిన్లో స్టాపర్ లాగుతుంటే మీరు పంపు దగ్గర లీవరుని చూడండి. ఫ్యాను, బెల్టుల దగ్గర తువ్వాలు, లుంగీ అంచు జాగ్రత్త. లీవరు చివరిదాకా రాకపోతే లోపం వైరుది, గొట్టానిది, క్లిప్పుది, లేదా వైరు చివర బిగించే చిన్న స్క్రూది. చేత్తో నొక్కితే ఆగిందంటే ఇక అనుమానమే లేదు. లీవరు కదులుతున్నా ఇంజిన్ ఆగకపోతే, ఆ లీవరు దాని షాఫ్టు మీద జారుతోందేమో చూడండి, బోల్టు వదులైతే పైన కదులుతుంది, లోపల కదలదు. అదీ బాగుంటే అప్పుడు పంపులు విప్పి బాగుచేసే పంపు రూముకి పోవాల్సిందే. డీజిల్‌లో నీళ్లు కలిసి రాక్, ఎలిమెంట్లు తుప్పుపట్టడం, ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ లింకు అరగడం ఇవన్నీ ఉంటాయి. తక్కువకి వస్తోందని డ్రమ్ముల్లో అమ్మే ఏదో నూనె పోసే ఓనర్లకి ఇది తప్పదు. లీటరు మీద మిగిలే డబ్బు పంపు ఒక్కసారి దిగితే చాలు, మొత్తం ఎగిరిపోతుంది. ఎంతమందికి చెప్పినా వినరు.

ఇంకో రకం ఉంది, అది వేరే జబ్బు, ప్రమాదం. స్టాపర్ లాగినాక ఇంజిన్ మామూలు స్పీడులో తిరుగుతుంటే అది డీజిల్ మీద తిరుగుతోంది. అలా కాకుండా దానంతటది రైజు (ఇంజిన్ వేగం) పెరుగుతూ, వెనక నీలం, తెలుపు పొగ దట్టంగా కక్కుతుంటే అది తన ఇంజిన్ ఆయిలునే తాగుతోంది. అప్పుడు డీజిల్ కట్టేసినా ఆగదు. ఇంజిన్లోకి గాలి నెట్టే టర్బో సీలు పోయినా, టర్బో నుంచి ఆయిలు దిగే పైపు మూసుకున్నా, పిస్టన్ రింగులు అరిగి, ఇంజిన్ ఆవిరి బయటికి పోయే బ్రీదర్ నుంచి ఆయిలు ఎగదన్నినా, ఆయిలు పోసే పాతరకం ఎయిర్ క్లీనర్లో గీతకి మించి పోసినా ఇలా జరుగుతుంది. ఇంజిన్ ఆయిలే పంపుకి కూడా తిరిగే బండ్లలో పంపు నుంచి డీజిల్ కారి ఇంజిన్ కింది ఆయిలు చాంబర్లో చేరినా ఇంతే. గేజీ కడ్డీ మీద ఆయిలు తగ్గకుండా పెరుగుతుంటే డ్రైవర్లు సంతోషపడతారు, ఆయిలు ఖర్చు లేదని. పెరగడమే చెడ్డ గుర్తు. కడ్డీ తీసి వాసన చూడండి, డీజిల్ కంపు కొడితే ఆ బండి స్టార్ట్ చెయ్యకండి.

ఆయిలు తాగుతూ రైజైన ఇంజిన్‌కి గాలి మూసెయ్యడమే దారి. ఎయిర్ క్లీనర్ గొట్టం మూతికి మందపాటి చెక్క పలక అడ్డం పెట్టాలి, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉంటే అందులోకి కొట్టాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు, గుడ్డ పెట్టకూడదు, లోపలికి లాగేసుకుంటుంది. రైజు బాగా ఎక్కిపోతే దగ్గరికే పోవద్దు, అందరూ దూరం జరగండి. ఇంజిన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. గేర్లో వేసి ముక్కించి ఆపడం కూడా, ప్రాణం మీదికొచ్చినప్పుడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాక చేసే పని. దాన్ని రోజూ సాయంత్రం చేసే అలవాటుగా మార్చుకున్న డ్రైవర్లు చీమకుర్తి క్వారీల రోడ్డు మీద ఇప్పటికీ కనిపిస్తారు. క్లచ్ ప్లేటు, చక్రాలకి తిప్పుడు అందించే షాఫ్టు క్రాసులు నాశనం, అది అటుంచండి. అడ్డం రాయి పెట్టడానికి వంగేది ఎప్పుడూ క్లీనరే. నెల జీతానికి వచ్చిన ఎవరో ఒకరి బిడ్డ. ఓనరు ఇంట్లో ఉంటాడు, డ్రైవరు సీట్లో ఉంటాడు.

నా బాధ ఇంకోటి. ఆ ఒంగోలు పెద్దాయన లాంటివాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. కుర్రాళ్లు స్కానరు పెట్టి చదువుతారు, కంప్యూటరుతో డీజిల్ కొట్టే కామన్ రైల్ బండ్లకి అది కావాల్సిందే, నేను కాదనను. కానీ స్కానరు తగిలించే చోటే లేని బండిని తీసుకెళితే వాళ్లకి దిక్కు తోచదు, పంపు దించుదాం అంటారు. పాత బండి ఉన్న ఓనరు కనీసం స్టాపర్ లీవరు, డీజిల్ లైను, గాలి గొట్టం ఎక్కడున్నాయో తనే నేర్చుకోవాలి.

మీ డ్రైవరుకీ క్లీనరుకీ ఇద్దరికీ ఆ లీవరుని ఈరోజే చూపించండి, దారిలో వైరు తెగినా అక్కడ నొక్కి ఆపుకోవచ్చు. లీవరు ఎంత కదులుతోందో, కడ్డీ మీద ఆయిలు ఎక్కడిదాకా ఉందో, స్టాపర్ లాగినాక పొగ ఏ రంగులో వస్తోందో చూసి చెప్పండి. అప్పుడు పంపు దించాలో వద్దో చెప్తాను.