అక్కను అడగండి: బిడ్డ వచ్చేలోపు ఏ కారు తీసుకోవాలె?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది నల్గొండ, నాకు ఇప్పుడు ఏడో నెల. ఇన్నిరోజులు బైక్ మీదనే నడిపిచ్చుకున్నం గాని ఇగ కారు కొనాలని ఇంట్ల అందరు అంటున్నరు. ఆన్‌రోడ్ 10 లక్షల దాకా పెట్టగలం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎత్తు బండ్లు ఎక్కలేదు, అందుకే ఎత్తు తక్కువుండి వెనక డిక్కీ ఉండే సెడాన్ అనుకున్నం. మా ఆయనకు మారుతి డిజైర్ సీఎన్‌జీ కావాలె, మరిదేమో హోండా అమేజ్ అంటుండు, మామయ్యేమో అవే పైసలకు సెకండ్ హ్యాండ్‌ల పెద్ద కారు వస్తది కదా అంటున్నరు. మా ఆయన మంచి పొడుగు. రోజు డ్యూటీకి మిర్యాలగూడకు రైల్ల పోతరు, కారు ఆదివారాలకు, హైదరాబాద్‌ల చెకప్‌లకు, దేవరకొండల మా అమ్మగారింటికి, అంతే. ఇంకోటి, చిన్నపిల్లల సీటు కొందామంటే పుట్టకముందే బిడ్డ సామాను కొనద్దని అత్తమ్మ వద్దంటుంది. ఏం చేయమంటరు?
(ఒక చెల్లె, నల్గొండ)

జవాబు: చెల్లె, ముందుగాల నీకు సుఖంగ కాన్పు కావాలె. ఇగ కారు ముచ్చట. మీ ఇంట్ల ముగ్గురు మూడు కార్లు చెప్పిండ్రు గాని నువ్వు ఆఖరుకు రాసిన ఆ సీటు సంగతే నాకు అన్నిటికంటె పెద్దగ కనిపించింది. ఎందుకంటె ఏ కారు అనేది తేల్చేది ఆ సీటే. ఉత్త చేతులతోని షోరూముకు పోతే టచ్ స్క్రీను, సన్‌రూఫ్, కలరు చూసుకుంట కూసుంటం, సీటు పట్టుకొని పోతే గంటల తేలిపోతది.

నేను ఎందుకింత గట్టిగ చెప్తున్ననంటె, నా పెద్దోడికి నలభై అయిదు రోజులున్నప్పుడు నల్గొండ నుంచి హైదరాబాద్ పోతున్నం, నేను వెనక సీట్ల, పిలగాడు బొంతల చుట్టి నా ఒళ్ళె, నిద్రల ఉన్నడు. నార్కట్‌పల్లి దాటినంక ముంగట లారీ ఒక్కసారి ఆగింది, మా ఆయన బ్రేకు కొట్టిండు. స్పీడు 40 కూడ లేదు. రెండు చేతులతోని పట్టుకునే ఉన్న, అయినా బొంతలకెళ్ళి పిలగాడు జారిండు, నా చేతికి ఒక్క కాలు దొరికింది, నుదురు పోయి ముంగటి సీటు వెనక ప్లాస్టిక్‌కు తాకింది. రేగుపండంత బుడిపె. డాక్టరు చూసి ఏం కాలేదన్నడు గాని ఆ బుడిపె తగ్గిందాక నేను నిద్రపోలేదు. ఆ రోజుల్ల మాకు చెప్పినోళ్ళు లేకుండె, నీకు నేను చెప్తున్న. గట్టి యాక్సిడెంట్ల బిడ్డ బరువు ఆ ఒక్క క్షణానికి ఇరవై రెట్ల దాకా అయినట్టు లాగుతది, 4 కిలోల బిడ్డ అంటె 80 కిలోలు, ఏ తల్లి చేతులు ఆపలేవు. చట్టం కూడ ఉంది, మోటారు వాహనాల చట్టంల 2019ల చేర్చిన 194బి సెక్షన్, 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకుండ నడిపితే 1000 రూపాయల ఫైను.

అత్తమ్మతోని మాత్రం కొట్లాట పెట్టుకోకు. ఆమె భయం ఆమెది, మనందరి ఇండ్లల్ల ఉన్నదే. ఒక పని చెయ్యి, ఆ సీటు మీ అన్ననో తమ్ముడో కొని వాళ్ళింట్లనే పెట్టుకోవాలె. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు ఎట్లాగు మేనమామ సామాను తెస్తడు కదా, ఇది జర ముందుగాల వచ్చిన మేనమామ సామాను అనుకోండ్రి. బిడ్డ పుట్టినంకనే మీ ఇంటికి వస్తది, అత్తమ్మ మాట పోదు. నల్గొండ దవాఖాన నుంచి అయినా దేవరకొండకు నీ బిడ్డ చేసే మొట్టమొదటి ప్రయాణమే దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు, ఆ రోజు సీటు కార్ల ఉండాలె, అంతకంటె నాకేం వద్దు. పుట్టిన బిడ్డకు సరిపొయ్యేది, వెనకకు మొకం పెట్టి కూసోపెట్టేది తీసుకోండ్రి, మీద ఈసీఈ ఆర్44 లేకపోతె ఆర్129 అని స్టిక్కరు ఉండాలె, అది సీటు సేఫ్టీ పరీక్ష పాసైనట్టు గుర్తు. వెనకకు మొకం ఎందుకంటె పసిగుడ్డు తలకాయ బరువు, మెడ మెత్తన, ముంగటికి ఊగితే మెడ ఆగదు, వెనకకు ఉంటే దెబ్బంతా వీపు మొత్తం మీద పరుచుకుంటది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముంగటి సీట్ల మాత్రం ఎప్పటికీ పెట్టద్దు, అది విచ్చుకుంటే బిడ్డ వీపు వెనకాలనే పేల్తది.

ఇప్పుడు షోరూము. సీటును వెనక ఎడమ దిక్కు, అంటే డ్రైవరు పక్క సీటు వెనకాల పెట్టి చూడు. మన దగ్గర బండి రోడ్డుకు ఎడమ పక్కనే ఆగుతది కాబట్టి బిడ్డను ఎక్కిచ్చేటప్పుడు లారీల దిక్కు నిలబడే పని ఉండదు, పైగా మీ ఆయన పొడుగు అంటున్నవు, ఆయన సీటు వెనకకు జరుపుకుంటె దాని వెనకాల బిడ్డ సీటు పట్టదు. పెట్టినంక ఆ ముంగటి సీట్ల అత్తమ్మను కూసోమను, మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తాకుతున్నయా చూడు. నువ్వు వెనక బిడ్డ పక్కన కూసొని చూడు. ఆమెకు కాళ్ళు చాపుకునే జాగ లేకపోతె ఎన్ని సేఫ్టీ స్టార్లున్నా ఆ కారు మీకు కాదు. ఇంకోటి, సీటు రెండు చేతులతోని ఎత్తి డోరుల నుంచి లోపలికి పెట్టేటప్పుడు మీ ఆయన తల రూఫుకు తాకుతదా చూసుకో, సెడాన్ రూఫు వెనక కిందికి దిగుతది కదా, ఒక్కసారైతె పర్వాలేదు గాని ఇది కారు తీసిన ప్రతిసారి ఉండే పని. నీకు ఒకవేళ ఆపరేషన్ అయితె కిందికి ఉన్న సీట్ల నుంచి లేచుడు కష్టమైతది, ముందు పక్కకు తిరిగి రెండు కాళ్ళు బయట పెట్టి, అప్పుడు లేవాలె, అది కూడ ఇప్పుడే ఒకసారి చేసి చూడు.

మీ మూడు కార్ల గురించి. కొత్త డిజైర్ 2024 నవంబర్‌ల వచ్చింది, గ్లోబల్ ఎన్‌క్యాప్‌ల (కార్లను గుద్దిచ్చి సేఫ్టీకి 5కు స్టార్లు ఇచ్చే సంస్థ) పెద్దోళ్ళ సేఫ్టీకి 5 స్టార్లు, పిల్లలకు 4. కొత్త అమేజ్ అదే ఏడు డిసెంబర్‌ల వచ్చింది. రెండిట్ల అన్ని వేరియంట్లకు 6 ఎయిర్‌బ్యాగులు. డిక్కీ డిజైర్‌ది 382 లీటర్లు, అమేజ్‌ది 416. గాని సీఎన్‌జీ డిజైర్ తీసుకుంటె ఆ డిక్కీలనే సిలిండరు కూసుంటది, బిడ్డ బండి, బట్టల సంచి, అమ్మగారింటి నుంచి వచ్చే బియ్యం మూట ఎక్కడ పెడ్తవు? రోజు తిరిగేటోళ్ళకు సీఎన్‌జీ బంగారం లెక్క, మీ ఆయన రైల్ల పోతున్నప్పుడు ఆ ఎక్కువ పెట్టిన పైసలు తిరిగొచ్చేసరికి బిడ్డ బడికి పోతది. పెట్రోలే తీసుకోండ్రి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్‌టీ 18 శాతమే అయింది, ఈ రెండూ అండ్లనే వస్తయి.

మామయ్య చెప్పింది తీసిపారేసే మాటైతె కాదు. 2023ల గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టు చేసిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా, హ్యుందాయ్ కొత్త వెర్నా మూడిటికీ పెద్దోళ్ళకు, పిల్లలకు రెండు దిక్కుల 5 స్టార్లే వచ్చినయి, డిక్కీ 500 లీటర్ల మీద ఉంటది, వెనక జాగ గూడ ఎక్కువ. 2023 తర్వాతి బండి, సర్వీసు కాగితాలు సాఫుగ ఉన్నది మీ బడ్జెట్‌ల దొరికితె నేనైతె అటే చూస్త. గాని పేరు చూసి మోసపోవద్దు చెల్లె. ఇప్పటి కొత్త అమేజ్ కంటె ముందొచ్చిన పాత మోడల్ అమేజ్‌కు 2024 టెస్టుల పెద్దోళ్ళకు 2 స్టార్లు, పిల్లలకు సున్నా. పేరు అదే, బండి వేరే. బేరం ఆడేటప్పుడు ఏ ఏడు, ఏ మోడల్ అనేది కాగితం మీద చూసి, పిల్లల స్టార్లు వేరుగ అడుగు, షోరూమోళ్ళు పెద్దోళ్ళవే చెప్తరు.

మన ఎండలు నీకు తెల్వనియి కావు. వెనక ఏసీ వెంట్లు ఉన్న వేరియంటే తీసుకోండ్రి, వెనకకు మొకం పెట్టిన బిడ్డకు ముంగటి ఏసీ గాలి సరిగ్గ తగల్దు. ఎండల నిలబెట్టిన కారుల సీటు బకిల్ ఇనుము కాలుతది, బిడ్డను పెట్టేముందు నీ మణికట్టు ఆనిచ్చి చూడు. బొంతల చుట్టి బెల్టు వెయ్యద్దు, బెల్టు వేసినంక పైనుంచి కప్పాలె. హైదరాబాద్ తొవ్వల చౌటుప్పల్ కాడ ఒకసారి ఆపి బిడ్డను సీట్ల నుంచి తియ్యాలె, గడ్డం ఛాతీకి ఆని ఉంటే పసిబిడ్డకు ఊపిరి ఆడదు, అందుకే నువ్వు పక్కన్నే కూసోవాలె. మరి నీకు, ఇప్పటి నుంచి కాన్పు దాకా, బెల్టు కింది పట్టీ కడుపు మీదికెళ్ళి కాదు, కడుపు కింద తొడల దిక్కు, పై పట్టీ ఛాతీ మధ్యలకెళ్ళి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా బాబుకు రెండు నెలలు. మాది 2014 మోడల్ సెడాన్, దానికి ఐసోఫిక్స్ (పిల్లల సీటు బిగించే ఇనుప కొక్కాలు) లేదు. సీటు కోసమని కారు మార్చాల్నా అక్కా?
(ఒక తమ్ముడు)

జవాబు: వద్దు తమ్ముడూ. ఐసోఫిక్స్ లేకున్నా బెల్టుతోని బిగించే సీట్లు ఉన్నయి. వెనక పక్క సీట్ల మూడు కొసల బెల్టు, అంటే నడుముకు, భుజానికి రెండిటికీ వచ్చేది, ఉంటే చాలు, నడిమి సీట్ల నడుము బెల్టు ఒక్కటే ఉంటే అక్కడ పెట్టకు. సీటు కొనేముందు మీ కార్ల పెట్టి చూడు, పాత బండ్ల బెల్టు కొన్నిసార్లు పొడుగు సరిపోదు. వెనకకు మొకం పెట్టేటప్పుడు బెల్టు నీలం గుర్తులున్న దిక్కుకెళ్ళి పోవాలె, ఎరుపు గుర్తులు ముంగటికి మొకం ఉన్నప్పుడు. నీ మోకాలు సీట్ల ఆనిచ్చి బరువేసి బెల్టు గుంజు, బెల్టు పొయ్యేకాడ పట్టుకొని ఊపు, ఒక్క అంగుళం కంటె ఎక్కువ కదిలితె మళ్ళ బిగించు. ప్రతిసారి ఎక్కేముందు ఊపి చూడాలె, జడ్చర్ల దాకనే అయినా సరే.