వాల్విస్ బేలో ఒక్క పగలు: ఇసుక దిబ్బలా, ఊరా?

మీరు అడిగింది ఇది: కేప్‌టౌన్‌లో ఎక్కే ఓడ నమీబియాలోని వాల్విస్ బే రేవులో ఒక పగలు ఆగుతుంది. మీ శ్రీమతికి ఎడారి దిబ్బలు చూడాలని ఉంది, మీకు స్వాకోప్‌ముండ్ ఊరు చూడాలని ఉంది. రెండూ కుదురుతాయా, ఓడవాళ్ల టూరు తీసుకోవాలా, సొంతంగా తిరగాలా?

ఇద్దరూ కలిసి రెండూ చూడటం కుదరదండీ. స్వాకోప్‌ముండ్ 35 కిలోమీటర్లే, మంచి తారు రోడ్డు, అరగంట ప్రయాణం. అందుకే ఎవరికైనా కుదురుతుందనే అనిపిస్తుంది. కానీ ఉదయం పాస్‌పోర్టు తనిఖీ వరసలో కొంత పోతుంది. అది సరుకు రవాణా రేవు కాబట్టి లోపల నడవనివ్వరు, గేటు దాకా బస్సు కోసం ఆగాలి. సాయంత్రం ఓడ కదలడానికి చాలా ముందే ఎక్కి ఉండాలి. ఇవన్నీ తీసేస్తే చేతికి మిగిలేది ఒక పూట కంటే కాస్త ఎక్కువ, అంతే.

నా సలహా, చెరో దారి పట్టండి. జంటగా ఓడెక్కినంత మాత్రాన జంటగానే తిరగాలని ఎక్కడా లేదు. మేము అలాగే చేశాం. మా వారు దిబ్బల వైపు వెళ్లారు, నేను పక్షుల కోసం ఇక్కడే ఉండిపోయాను. రాత్రి భోజనం దగ్గర చెప్పుకోవడానికి ఇద్దరికీ కావలసినంత కబుర్లు మిగిలాయి. ఒకరి కోసం ఒకరు సర్దుకుని మొహం ముడుచుకుని తిరగడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మీ శ్రీమతి వెళ్లాల్సింది శాండ్‌విచ్ హార్బర్‌కు. పేరుకు హార్బరే కానీ ఇప్పుడక్కడ రేవూ లేదు, ఊరూ లేదు. వాల్విస్ బేకు దక్షిణాన యాభై కిలోమీటర్ల దూరంలో, నమీబ్ ఎడారి దిబ్బలు నేరుగా అట్లాంటిక్ సముద్రంలోకి జారిపోయే చోటు అది. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు తప్ప మరేవీ వెళ్లలేవు. జాతీయ ఉద్యానవనం కాబట్టి అనుమతి పత్రం కావాలి, అది టూరు నడిపేవాళ్లే చూసుకుంటారు. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి కొంత తీసేసి నడుపుతారు. ఒక పక్క నిలువెత్తు దిబ్బ, మరో పక్క అలలు, మధ్యలో జీపు పట్టేంత తడి ఇసుక ఉంటుంది. ఆ దారి పాటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే తెరుచుకుంటుంది. పోటు మీద ఉంటే దిబ్బల మీదుగా వెళతారు, లేదా మధ్యలోనే వెనక్కి తిప్పుతారు. కాబట్టి డబ్బు కట్టే ముందే ఆ తేదీన పాటు ఎన్ని గంటలకో అడగండి. సూటిగా చెప్పనివాళ్ల జీపు ఎక్కకండి. ఒక జాగ్రత్త కూడా ఉంది. దిబ్బల మీంచి కిందికి దూకించేటప్పుడు కుదుపులు మామూలుగా ఉండవు. మా వారు మర్నాడు కుర్చీలోంచి లేవడానికి తంటాలు పడ్డారు. నడుం నొప్పి ఉన్నవాళ్లకూ గర్భిణులకూ అది తగదు. అలాంటి ఇబ్బంది ఉంటే వాల్విస్ బే శివార్లలోని డ్యూన్ 7 అనే దిబ్బ చాలు. తారు రోడ్డు పక్కనే ఉంటుంది, ఓపిక ఉన్నంత మేరకు ఎక్కి దిగవచ్చు.

నేను పక్షుల్ని చూసిన లగూన్ (సముద్రపు నీరు చేరే లోతు తక్కువ మడుగు) గురించీ ఒక మాట. రేవు నుంచి టాక్సీలో కొద్ది నిమిషాల దూరం. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో 1995 నుంచి ఉన్న చోటు అది. నేలపట్టు, పులికాట్ వైపు ఫ్లెమింగోల కోసం వెళ్లి, దుర్భిణిలో గులాబీ చుక్కల్ని చూసి తిరిగొచ్చిన నాలాంటివాళ్లకు ఇక్కడ పండగే. ఒడ్డున నడకదారి మీద నిలబడితే అవి ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీటిని వడగట్టుకోవడం మామూలు కంటికే కనిపిస్తుంది. పడవ షికారు కూడా ఉంది. గూడబాతులు, సీల్‌లు పడవలోకే వచ్చేస్తాయి. సీల్ కంపు భరించగలిగితే సరదాగానే ఉంటుంది. పచ్చి ఆయిస్టర్లు వడ్డిస్తారు, శాకాహారులు ముందే చెప్పుకోవడం మంచిది. మధ్యాహ్నం నుంచి నైరుతి గాలి బలంగా వీస్తుంది కాబట్టి పడవ అయితే ఉదయమే ఎక్కాలి.

ఇక మీ స్వాకోప్‌ముండ్. ఆ ఊరు పుట్టడానికి కారణమే వాల్విస్ బే. ఈ లోతైన రేవును 1878లోనే బ్రిటిష్‌వాళ్లు ఆక్రమించుకోవడంతో, చుట్టూ ఉన్న నేలను ఏలుతున్న జర్మన్లకు ఓడలు ఆపుకోవడానికి చోటు లేకపోయింది. 1892లో స్వాకోప్‌ముండ్‌ను కట్టుకున్నారు. నమీబియాకు 1990లో స్వాతంత్ర్యం వచ్చినా వాల్విస్ బేను దక్షిణాఫ్రికా అప్పగించింది 1994లోనే. పాత రైల్వే స్టేషను, దీపస్తంభం, సముద్రంలోకి సాగిన జెట్టీ, జర్మన్ బేకరీలు, అన్నీ నడిచి చూడదగిన దూరంలోనే ఉంటాయి. కానీ ఆ రంగుల భవనాలతోనే వెనక్కి రాకండి. 1904-08 మధ్య స్థానికులైన హెరెరో, నామా ప్రజలపై జర్మన్ సైన్యం సాగించిన నరమేధంలో ఈ ఊళ్లోనూ నిర్బంధ శిబిరం ఉండేది. ఊరి శ్మశానం పక్కన, పేర్లూ రాళ్లూ లేని వాళ్ల సమాధులు మట్టి గుట్టలుగా వరసగా కనిపిస్తాయి. దాన్ని నరమేధంగా జర్మనీ అధికారికంగా ఒప్పుకున్నది 2021లో. టూరు బస్సులు సాధారణంగా అక్కడ ఆగవు, టాక్సీ అయితే మీరు చెప్పిన చోట ఆగుతుంది.

కాబట్టి ఆవిడకు టూరు, మీకు టాక్సీ. దిబ్బలకు ఓడవాళ్ల టూరు ఖరీదెక్కువే అయినా తీసుకోండి. జీపు ఇసుకలో చిక్కుకుని ఆలస్యమైతే తమ టూరు కోసం ఓడ ఆగుతుంది, మీ టాక్సీ కోసం ఆగదు. మీరు మాత్రం రాకపోకలకు కలిపి బేరం కుదుర్చుకుని, డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి. దక్షిణాఫ్రికా రాండ్ అక్కడ నమీబియా డాలరుతో సమానంగా చెల్లుతుంది. చిల్లర కూడా రాండ్‌లలోనే అడగండి, నమీబియా నోట్లు కేప్‌టౌన్‌లో ఎవరూ తీసుకోరు.

ఎడారి కదా అని పల్చటి బట్టలు మాత్రమే సర్దుకోవద్దు. బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల ఆ తీరంలో వాన దాదాపు పడదు కానీ పొద్దున్నే దట్టమైన పొగమంచు ఉంటుంది, జనవరిలో కూడా స్వెట్టరు కావాల్సి వస్తుంది. ఎండ పొడిచాక చర్మం కమిలిపోతుంది, టోపీ కూడా ఉండాలి.

వీసా సంగతి మీరు అడగలేదు కానీ అసలు ముఖ్యమైనది అదే. భారతీయ పాస్‌పోర్టుకు నమీబియా వీసా కావాలి. అంతకంటే ముఖ్యం, కేప్‌టౌన్‌కు తిరిగి రావడమంటే దక్షిణాఫ్రికాలోకి రెండోసారి ప్రవేశించడమే. ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా మీద వచ్చినవాళ్లను ఓడ ఎక్కేటప్పుడే ఆపేయవచ్చు. మీ వీసా మీద ఎన్ని ప్రవేశాలని ఉందో ఇవాళే చూసుకోండి.