డ్రమ్ మోవర్‌లో లోపలి బెల్టుకి చెయ్యి పట్టనప్పుడు

మార్చుకోవచ్చండి, ఇంటి దగ్గరే. ట్రాక్టరు వెనక తగిలించే రెండు డ్రమ్ముల గడ్డి కోత మిషనులో నాలుగు బెల్టులకి ఒకటి తెగింది, పుల్లీ మీద ఫ్రేము వైపున్న లోపలి గాడికి చెయ్యి పట్టట్లేదు, మొత్తం విప్పాలంటున్నారు అని రాశారు. నాదీ అదే బాపతు మిషను. మొదటిసారి నాకు రోజున్నర పట్టింది. రెండోసారి రెండున్నర గంటలు.

మాది అమలాపురం పక్కన. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకి నీళ్లు ఆపేశాక మా వైపు పచ్చగడ్డి కరువు. బోరు కింద వేసుకున్న జొన్న, గట్టు వార నేపియర్ గడ్డే గేదెలకి దిక్కు. నా బెల్టు తెగిన ఏడాది నేపియర్ చెరుకుగడలా ముదిరిపోయింది. అయినా మిషను పెట్టేశాను. రబ్బరు మాడిన కంపు తగిలింది, ఈ సాలు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. సాలు సగంలోనే ఫట్‌మంది.

కొబ్బరిచెట్టు నీడన పెట్టి గార్డు విప్పి, బెల్టుల బిగువు సరిచేసే టెన్షన్ బోల్టు చివరిదాకా వెనక్కి తిప్పాను. బెల్టులు వీసమంత వదలలేదు. ఇంతే కాబోలు చోటు అనుకుని తెగినదాన్ని లాగేసి, టైరు లీవరుతో కొత్తది ఎక్కించబోయాను. దాని అంచు చిరిగి లోపలి దారాలు బయటపడ్డాయి. మర్నాడు పొద్దున్నే నింపాదిగా చూస్తే తెలిసిందండీ, బోల్టు వెనక్కొచ్చింది గానీ పుల్లీ కదల్లేదు. అది జరిగే గాడిలో గడ్డిపొట్టు, ఒండ్రుమట్టి, గ్రీజు కలిసి ఎండి పిడకలా పట్టేసింది. కొడవలి మొనతో గీకి, డీజిల్ పోసి గంట ఆగి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో రెండు దెబ్బలేస్తే రెండు వేళ్ల మందం ఇవతలికి జరిగింది. బెల్టులు చేత్తోనే ఊడొచ్చాయి. మీది కూడా మొత్తం విప్పే ముందు ఆ గాడి ఒక్కసారి గీకి చూడండి.

పనిలో దిగేముందు మిషనుని దుంగల మీద దించి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకోండి. డ్రమ్ముల కింద బ్లేళ్లకి గోనెసంచి చుట్టేయండి. ట్రాక్టరు నుంచి మిషనుని తిప్పే పీటీఓ షాఫ్టు ఊడదీయాల్సిందే, నా మిషనులో బెల్టు బయటికి రావాలంటే ఆ జాయింటు మీదుగానే రావాలి.

ఇక లోపలి గాడి. ఫ్రేము పలకకీ పుల్లీకీ మధ్య నాకు వేలు కూడా దూరలేదు. సన్నటి నైలాన్ తాడు ఒకటి బెల్టుకి ముడేసి, పై నుంచి పుల్లీ వెనకగా కిందకి వదిలాను. ముందు బయటి గాడిలో బెల్టు కూర్చోబెట్టి, చిన్నగా పుల్లీ తిప్పుతూ, కింద తాడు లాగుతుంటే ఒక్కో గాడీ దాటుకుంటూ లోపలికి నడిచింది. ఇలా లోపలి గాడి బెల్టు ముందు ఎక్కించాలి, బయటి గాడిది ఆఖర్న. తాడు విప్పడం మర్చిపోకండి, నేను మర్చిపోయాను!

ఇక్కడే ఓ ప్రమాదం తప్పింది. నేను బెల్టు పట్టుకున్నాను, మా బావమరిది అవతల నుంచి పుల్లీ తిప్పాడు. “ఆగరా” అనేలోపు నా చూపుడువేలి గోరు బెల్టుకీ పుల్లీకీ మధ్య పడింది. చేత్తో తిప్పితేనే గోరు నల్లబడి ఊడిపోయింది. తిప్పేవాడూ పట్టేవాడూ ఒకడే అవ్వాలి. రెండో మనిషి పానాలు అందిస్తే చాలు.

తెగిన ఒక్కటే మార్చకండి. మొదటిసారి నేను చేసిన పిసినారితనం అదే. పాత మూడూ సాగిపోయి ఉన్నాయి, కొత్తదాని మీదే బరువంతా పడి పది రోజుల్లో మాడింది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సెట్టువి తీసుకోండి. పాత బెల్టు కొలిపించి కొనకండి, సాగి ఉంటుంది కాబట్టి పొడుగు సైజు అంటగడతారు. మీద అక్షరం, అంకె ఉంటాయి. బి అంటే పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, పక్కన అంకె లోపలి చుట్టుకొలత అంగుళాల్లో. చెరిగిపోతే మిషను పుస్తకంలో చూడండి.

ఎక్కించాక పుల్లీల ముఖాల మీదుగా పురికొస లాగి చూసుకోండి, వంకర ఉంటే కొత్త బెల్టు అంచు తినేస్తుంది. బిగువు సంగతికొస్తే, రెండు పుల్లీల మధ్య మీటరు దూరం ఉంటే నడిమిన నొక్కినప్పుడు సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి, అర మీటరైతే 8. గార్డు బిగించాకే షాఫ్టు తగిలించి తక్కువ రేసులో తిప్పి, తర్వాతే పీటీఓని నిమిషానికి 540 చుట్లకి తీసుకెళ్లండి. ఓ రెండు మూడు గంటలు కోశాక ఆపి మళ్లీ బిగించాలి, కొత్తవి గాడిలో సర్దుకుని వదులవుతాయి. జారుతోందని బెల్టు మీద నూనె, గ్రీజు లాంటివి పూయమనేవాళ్లు తగులుతారు, వినకండి.

ఏం కోస్తుండగా తెగిందో మీరు రాయలేదు. ముదురు నేపియరే అయితే బెల్టు తప్పు కాదు, అది జారి మాడబట్టే గేర్లు బతికాయి. నేనిప్పుడు గట్టు వార నేపియర్ కొడవలితోనే కోయిస్తున్నాను. లేత జొన్నకే తెగిందంటే మాత్రం డ్రమ్ము చేత్తో తిప్పి బేరింగు పట్టేసిందేమో చూసి చెప్పండి.