కళ్ళంలో ఆయాసం: గాలి రాక కాదు, పోక

"దాళ్వా ధాన్యం తూర్పారబట్టేటప్పుడు నాన్నగారికి ఆయాసం వస్తోంది. పఫ్ (ఇన్‌హేలర్) కొట్టినా తగ్గట్లేదు. గాలి ఎందుకు అందట్లేదు?" అని అడిగారు. ఆయనకి ఉబ్బసం అయితే గాలి అందక కాదండీ, లోపలున్నది బయటికి పోక.

మన డెల్టావాళ్ళకి ఊపిరితిత్తులు ఇట్టే అర్థమవుతాయి. ధవళేశ్వరంలో బయల్దేరిన కాలువ చీలి చీలి, పిల్లకాలువై, బోదై, చివరికి మడిలో పడుతుంది. శ్వాసనాళమూ అంతే. సుమారు 23 సార్లు చీలి గాలిగదుల్లోకి చేరుతుంది. రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కేదీ, కార్బన్ డయాక్సైడ్ దిగేదీ అక్కడే. తేడా ఒక్కటే. చేనుకి మురుక్కాలువ వేరే ఉంటుంది, ఊపిరితిత్తికి లేదు. వచ్చిన దారినే పోవాలి.

పీల్చేటప్పుడు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం) కిందికి దిగి, పక్కటెముకలు లేచి, ఛాతీ విచ్చుకుంటుంది. సన్నగొట్టాలూ కాస్త తెరుచుకుంటాయి. వదిలేటప్పుడు ఇరుకవుతాయి. ఈ చివరి గొట్టాలకి మృదులాస్థి కట్టు లేదు, చుట్టూ కండరమే. నూగూ దుమ్మూ తగిలితే ఆ కండరం బిగుస్తుంది, లోపొర వాస్తుంది, కళ్ళె పడుతుంది. గొట్టం వెడల్పు సగమైతే గాలికి అడ్డు రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు. అందుకే పిల్లికూతలు వదిలేటప్పుడే ఎక్కువ. మోకాళ్ళమీద చేతులానించి, భుజాలు ఎగరేస్తూ, మాట మాటకీ ఆగుతున్న మనిషి ఛాతీ అప్పటికే నిండుకుండ. చుట్టూ మూగి "గట్టిగా పీల్చండి" అనడం ఎంత తప్పో చూడండి! పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ ఊదినట్టు మెల్లగా వదలమనాలి.

ఇక పఫ్. స్ప్రే అయితే బాగా ఊపి, ముందు ఊపిరంతా వదిలి, మూతి బిగించి, మెల్లగా పీల్చడం మొదలెడుతూనే నొక్కాలి. 4-5 సెకన్లు పీలుస్తూనే ఉండి, 10 సెకన్లు బిగపట్టాలి. నొక్కేశాక పీలిస్తే మందు గొంతుకే అంటుకుంటుంది. చెయ్యీ ఊపిరీ కలవకపోతే స్పేసర్ (స్ప్రేకీ నోటికీ మధ్య తగిలించే బోలు గొట్టం) పెట్టండి, వయసు మళ్ళినవాళ్ళకి అదే మేలు. క్యాప్సూల్ పొడి రకానికి పద్ధతి తలకిందులు. ఒక్క ఊపున గట్టిగా లాగాలి, దాంట్లోకి మాత్రం ఊదకూడదు. ఊపిరి తేమకి పొడి ముద్దకడుతుంది. రెండింటికీ ఒకే పద్ధతి వాడటంవల్లే చాలామందికి మందు పనిచెయ్యదు.

ఆయాసం వచ్చినప్పుడు కొట్టే నీలం పఫ్ బిగుతు వదిలిస్తుందే తప్ప వాపు తియ్యదు. వాపుకి రోజూ వాడే స్టెరాయిడ్ పఫ్ వేరు. పీల్చాక నోరు పుక్కిలించాలి. "అలవాటైపోతుంది" అని దాన్ని మానిపించే చుట్టాల మాట దయచేసి వినకండి.

మిషన్ కోతలయ్యాక చేలో గడ్డి తగలబెట్టడం మానాలి. ఆ పొగలోని సన్నటి నలుసుల్ని ముక్కూ ఆపలేదు, మూతికి చుట్టిన తువ్వాలూ ఆపలేదు.

పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిచెయ్యలేకపోయినా, పఫ్ వేసిన పావుగంటకీ తగ్గకపోయినా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఒకసారి ఆ స్ప్రే డబ్బా కూడా చూడండి. చాలావాటిలో 200 మోతాదులే ఉంటాయి. మందు అయిపోయాకా లోపలి గ్యాస్‌కి నొక్కినప్పుడల్లా చప్పుడొస్తుంది, నిండుగానే ఉందనిపిస్తుంది. కొన్నరోజే తేదీ రాసి, వాడినవి లెక్కపెట్టుకోవాలి.